అఖిలేష్ ఆఖరి మాట

గది కాదు మేడం, నాకు ఏడ్పే వస్తలేదు. గిసొంటిదాన్ని బోధన్ మీటింగుకు తోల్కపోయి నలుగురి ముంగట నిలవెడితే ఏం ఫాయిదా, మీరే చెప్పుండ్రి?

కూసోండ్రి, గా పీట మీద. తునికాకు తడి ఉంటది, చీరె జెర పైకి అనుకోండ్రి. నా చేతులు మటుకు ఆగయి, ఏమనుకోకుండ్రి. బీడీలు చుట్టుకుంటనే ముచ్చట చెప్త.

మీరే గదా నేర్పింది? మత్తుమందు కలిపిన కల్లుకు మరిగినోళ్ల ఇంటికి డాక్టర్ సారు పోతే తలుపు తియ్యరు, గదే బాధ పడ్డ తల్లి పోతే తీస్తరని. తోడక్క అని పేరు గూడ వెట్టిండ్రు. కల్లు ఒక్కపారే బంద్ జేయించొద్దు, ఫిట్స్ వస్తయి, ముందుగాల దవాఖానకు తోల్కపోవాలె అన్నరు. అవన్ని నాకు మంచిగనే వచ్చినయి. మా గల్లీ ముత్తవ్వ మొగన్ని తోల్కపోయింది నేనే గదా?

మల్లనేమో, "అంజవ్వా, నీ కొడుకు సంగతి చెప్పు, కొత్త అక్కలకు ధైర్యం వస్తది" అంటిరి. చెప్పిన. డిచ్‌పల్లిల చెప్పిన, పోచంపాడ్ల చెప్పిన. చెప్పంగ చెప్పంగ, అఖిలేష్ నా కొడుకే అన్నట్టు అనిపిస్తలేదు. ఎవరి కొడుకో సచ్చిపోయిండు, నేను పాఠం అప్పజెప్తున్న. అందరు కొంగులు మొకానికి అడ్డం వెట్టుకుంటరు. నేనేమో చాయ ఎప్పుడిస్తరా అని చూస్త. థూ, నా బతుకు!

మీది తప్పంటలేను. జెర ఇనుండ్రి.

మొన్న నవీపేట్ల, అంత అయినంక ఒకామె నా చెయ్యి పట్టుకున్నది. రేణుకమ్మ అట. ఆమె కొడుకు ఇంక తాగుతనే ఉన్నడు. ఒక్కపూట దొరక్కుంటే మెడ గుంజుతది, గోడకు తల కొట్టుకుంటడు. ఏమన్నదో ఎర్కేనా? "అక్కా, మీవాడు పాణం పోంగ అవ్వా అని నిన్నే పిలిచిండు. మావాడు నా మొకమే చూడడు, కల్లు సీస తే అంటడు. నా పెంపకంలనే ఏదో ఉన్నది. ఇగ మీటింగులకు రాను" అన్నది.

ఏడ్వలే మేడం ఆమె గూడ. నా లెక్కనే బండ మొకం వెట్టుకొని నిలవడ్డది. ఆమెకు నేనేం చెప్పాలె?

గట్ల జూడకుండ్రి.

అనలే మేడం. మావాడు అవ్వా అనలే.

కల్లు దుకాణం ఉన్నపళంగ బంద్ వెట్టిండ్రు. వీనికి వణుకుడు, ఫిట్స్. దవాఖాన మంచం మీద మొకంల మొకం వెట్టి, "బిడ్డా, నేనురా, అవ్వను" అన్న. కండ్లు తెరిచిండు. "సీస తెచ్చినవా?" అన్నడు. గదే ఆఖరి మాట. నన్ను గుర్తు వట్టిండో, దుకాణపోడే అనుకున్నడో, నాకేం ఎరుక?

డిచ్‌పల్లిల మొదటిపారి చెప్పేటప్పుడు అక్కడిదాంక వచ్చి నోరు తిరుగలే. అవ్వా అన్నడు అని చెప్పిన. నిజం చెప్త మేడం, మంచిగనిపించింది. అప్పటిసంది అదే చెప్తున్న. ఇంకేం చెప్పినా లోపల ఏం కదలదు, గా ఒక్క మాట కాడ మటుకు జెర కదులుతది. వాడు నన్ను పిలిచేది గా మీటింగులల్లనే గదా!

రేణుకమ్మ బోధన్‌కు వస్తనన్నదా? ఫోన్ గూడ ఎత్తుతలేదా?

మీటింగు తర్వాత సంగతి. రేపు పొద్దుగాల ముందు ఆమె ఇంటికే పోదాం. మావాడు గూడ సీసనే అడిగిండు చెల్లె, నీ పెంపకం కాదు అని చెప్త. చెప్పాలె. లేకుంటే ఆమె గూడ తలుపు వెట్టుకుంటది.

చెప్పినంక ఇగ నన్ను అవ్వా అని పిలిచేటోడు ఎవ్వడు ఉండడు. ఏం జేస్తం?

జెర గా దారం ఉండ ఇటియ్యుండ్రి మేడం, మీ కాళ్లకాడికి దొర్లింది.