పాడే గుర్రం

నేను చేసిన గుర్రం బొమ్మ నోటిని నేనే మూయగలనా? తన హోటల్ లాబీలో బావ నా చేతికి లప్పం డబ్బా ఇచ్చినప్పుడు నన్ను నేను అడిగిన ప్రశ్న అది.

“బొమ్మలు చేసేవాడివి కదా, అలంకారానికో గుర్రం చెయ్యమంటే ఇదేంట్రా? పళ్ల డాక్టరు ముందు కూర్చున్నట్టు నోరు తెరిచింది!”

“పాడుతోంది బావా. ఒపేరా అని, మాటలన్నీ పాడే నాటకం చూసొచ్చి చేశాను. అందులో కత్తిపోటు తిన్నావిడ ప్రాణం పోతున్నా పాట ఆపలేదు.”

“గుర్రం ఎక్కడైనా పాడుతుందా?”

“కత్తి దిగాక మనిషి మాత్రం పాడుతుందా?”

“బావమరిదివని ఊరుకుంటున్నా. నోరు పూడిస్తే ఇక్కడుంటుంది. లేదంటే వీధిలోకే.”

“పూడ్చను.”

“మూడు నెలల కష్టంరా!”

“అందుకే.”

డబ్బాను తిరిగి ఆయన చేతిలో పెట్టి, చక్రాల బల్లమీది గుర్రాన్ని వీధిలోకి తోశాను. దాని ముఖం మాత్రం హోటల్ వైపే తిప్పి నిలబెట్టాను.