టేపు చివర మిగిలింది

డబ్లిన్‌లో ఆ ఇంటి ముందుగదిలో, మూత తెరిచిన శవపేటికలో ఫింటన్ ఉన్నాడు. ఇరవై ఏళ్లు టీవీలో శనివారం పాటల షో నడిపిన మనిషి. చేతిలో టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఆయన కూతురు, టీవీ స్టేషన్‌లో టేపుల గది చూసుకున్న ముసలాయన పక్కన చేరింది.

"బాబాయ్, అమ్మ ఓసారి నాన్న షోలో పాడిందటగా. ఆ టేపు ఇప్పించవా? నన్ను కనగానే పోయింది, ఆవిడ గొంతే నాకు తెలీదు."

"అది లేదమ్మా. అప్పట్లో టేపులు మహా ఖరీదు. పాతవాటి మీదే మళ్లీ రికార్డు చేసేవాళ్లం. దాని మీద హర్లింగ్ మ్యాచ్ ఎక్కించాం."

"నాన్న ఊరుకున్నాడా?"

"సంతకం పెట్టిందే మీ నాన్న. రోజూ ఇంట్లో వింటున్న గొంతేగా, దాచడమెందుకని నవ్వాడు."

ఆమె పేటిక వైపు చూడలేకపోయింది.

"మరి ప్రతి శుక్రవారం నీ దగ్గరికి ఎందుకొచ్చేవాడు?"

"ఆ మ్యాచ్ చూడ్డానికి."

"నాన్నకి ఆటలంటేనే పడదు కదా!"

"మ్యాచ్ కాస్త ముందే అయిపోయింది తల్లీ. టేపు చివర అర నిమిషం చెరగలేదు. ఆ రోజు ఆఖరి పాట మీ అమ్మదే."

"అమ్మ పాట ఉందా?"

"పాట కాదు. పాటయ్యాక జనం కొట్టిన చప్పట్లు. వాటికోసం ఆటంతా ఓపిగ్గా కూర్చునేవాడు. అవి మొదలవగానే లేచి నిలబడి, తనూ కొట్టేవాడు."