నాలుగు కాళ్ల నడక

ఊరికే అడుగుతున్నానండీ, కోపమేం లేదు. నిన్న పొద్దున్న పార్కులో మీరు నాలుగు కాళ్ల మీద నడిచారా?

అలా చూస్తారేంటి? మీకు కట్టిన పెట్టె కంప్యూటర్‌కి పంపిన గీత చెబుతోంది మరి. ముందు రెండు కాళ్లు, వెనక రెండు కాళ్లు, తకధిమి తకధిమి అంటూ. గుండె ఆపరేషనయిన మనిషికి ఎంత హుషారు! పైగా ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగి కాస్త పక్కకి ఒరిగారు కూడా. ఎందుకు ఒరిగారండీ? చెప్పండి, సిగ్గుపడకండి. మీ పెళ్లాన్నేగా.

ఏంటీ, పెట్టె పాడయిందా? మొన్నటిదాకా ఆడచిరుత మెడపట్టీలో ఉన్న పెట్టె అది. వానలో నానింది, బురదలో పొర్లింది, ఓసారి అడవిపంది కుమ్మింది కూడా. అప్పుడు పాడవనిది మీ నడుముకి కట్టగానే పాడయిందన్నమాట!

అయినా తాతకి దగ్గులు నేర్పుతారా? మీరు అడవికెళ్లి చిరుతకి మత్తిచ్చి, మెడపట్టీ వేసి, ఫొటో దిగి వస్తారు. ఆ తరవాత పెట్టె పంపే ప్రతి కుదుపునీ చూసి, ఇది నడక, ఇది పరుగు, ఇదిగో ఇక్కడ జింక మీదకి దూకింది, దానికి ఇంత శక్తి ఖర్చయింది అని లెక్క కట్టేదెవరు? కిటికీ కూడా లేని గదిలో కూర్చుని నేను. అలాంటి నా చెవిలో పువ్వు పెట్టడానికి మీకు దొరికింది కిందింటి టైలరమ్మ కుక్కా!

పాపం, దొర మంచి కుక్క. దాన్ని నేనేమీ అనను. దాని మెడకి ఎవరు ఏం కట్టినా తోక ఊపుతుంది.

డాక్టరమ్మ ఏం చెప్పింది? కుట్లు మానాయి, ఇక రోజూ పొద్దున్నే నడవండి, నడవకపోతే ఈ గుండె మళ్లీ మొరాయిస్తుంది, రెండోసారి కోసి బాగుచెయ్యడం నా వల్ల కాదు అంది. మీరు బడిపిల్లాడిలా తలూపారు. ఇంటికొచ్చాక ‘నడిచానంటే నమ్మవేం, కావాలంటే పెట్టె కట్టి చూసుకో’ అన్నదెవరు? కట్టాను. చూసుకున్నాను.

వద్దు, ఆ మాట మళ్లీ ఎత్తకండి. ‘చిరుత పగలంతా పడుకునే ఉంటుంది, అది బద్ధకం కాదు, పొదుపు.’ ఆ వాక్యం రాసింది మీరే, టైపు చేసింది నేనే. దానికి ఒక్క వేట తప్పితే ఆ పూటకి పస్తు, అందుకని ఒంట్లో శక్తి దాచుకుంటుంది. మీకేం తప్పింది? మీ జింక వంటింట్లోంచి పళ్లెంలో పడి మీ ఒళ్లోకే నడిచొస్తోందిగా! ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు. మీరు ఇంట్లో కూడా పులి కాలేదు.

నవ్వకండి. మీరు నవ్వితే నాకూ నవ్వొస్తుంది. ఇవాళ నేను నవ్వదలుచుకోలేదు.

సరే, కుక్క సంగతి వదిలేశాను. నేను అడగాల్సింది అది కాదు.

నిన్న కుక్క మెడలోంచి విప్పాక ఆ పెట్టెని ఎక్కడ పెట్టారు? అవును, పుస్తకాల అలమర మీద. మళ్లీ నడుముకి కట్టుకోవాలని తోచలేదు కదూ!

ఆఫీసులో నా కంప్యూటర్‌లో చిరుతల గీతలన్నీ వరసగా ఉంటాయి. కింద ఓ మూల మీది. ఎవరికీ చెప్పకుండా పెట్టుకున్నాను. నిన్న టీ తాగి వచ్చి చూద్దును కదా, మీ గీత పడుకుని ఉంది. నిద్రపోయే ప్రాణి గీత అలా ఉండదండీ. ఊపిరికి సన్నగా కదులుతూనే ఉంటుంది. ఇది స్కేలు పెట్టి గీసినట్టుంది. అలాంటి గీత కనబడితే మనం ఏం చేస్తామో మీకు నేను చెప్పాలా? ఆ జంతువు పోయిందని రాసుకుని, తెచ్చుకోవడానికి వెళతాం.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటారా? చేశాను. ఎత్తారా? అక్కడా పొదుపే!

ఎలా వచ్చానో నాకే తెలీదు. లిఫ్టు పైనెక్కడో ఆగిపోయింది. మెట్లెక్కాను. తలుపు తీస్తే, నిమ్మకి నీరెత్తినట్టు కుర్చీలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. ‘అదేంటి, ఇవాళ ఆఫీసు ముందే వదిలేశారా?’ అన్నారు. తలనొప్పి అన్నాను, గుర్తుందా? అబద్ధం. సాయంత్రం మీరు కునుకు తీస్తుంటే, అసలేం జరిగిందా అని పొద్దుటి గీత తీసి చూశాను. అప్పుడు బయటపడ్డారు దొరగారు.

ఇంకో సంగతుంది. ఆ తలుపు వెనకున్న సంచీ చూడండి. గుర్తుపట్టారా? మన ఆఫీసు గదిలో కొక్కేనికి వేలాడుతుందే, అదే. చచ్చిన చిరుతల్ని తెచ్చే సంచీ. గీత పడుకుంటే దాన్ని భుజాన వేసుకుని బయల్దేరడం ఇన్నేళ్ల అలవాటు కదా, నా చెయ్యి దాని మానాన అది తీసేసుకుంది. బుర్ర మాత్రం ఊరుకుందా? సగం మెట్లెక్కాక ఏమనుకున్నానో చెప్పనా? ‘ఇందులో చిరుతయితే పడుతుంది, ఈయన పట్టడే’ అనుకున్నాను. ఏడుపు రాలేదండీ నాకు. కొలత వచ్చింది.

లేవండి. అవిగో బూట్లు. దొరని కూడా పిలవండి, మీకన్నా నిజాయితీగా నడుస్తుంది. నేనూ వస్తాను. ఈసారి పెట్టె నేనే బిగిస్తాను, చిరుతలకి వేసే బోల్టుతోనే. కోపమొస్తే గుర్రుమనండి, అలవాటే నాకు.

ఆ సంచీ పట్టుకుని ఆ మెట్లు మాత్రం ఇంకోసారి ఎక్కలేను.