పర్దా వెనక గొంతు

తాండూరు, 1956. స్టేషన్ వెనక గల్లీలో అలీమాబీ ఇల్లు. మూడు నెలల వీసా మీద కరాచీ నుంచి పుట్టింటికి వచ్చిన కూతురు జులేఖాకు గడువు ఎల్లుండితో తీరిపోతుంది. వంటింట్లో తల్లీకూతుళ్ళు పొద్దుటినుంచి వాదులాడుకుంటున్నారు. పెద్దకొడుకు ఇమాముద్దీన్ భార్య హాజిరాబీ పిండి పిసుకుతూ, ఎటూ చెప్పలేక కూర్చుంది.

"అమ్మీ, చెప్తనే ఉన్న నీకు. ఆ మూకుడు దించు."

"దించను. నూనె కాగింది."

"కాగితే సల్లార్తది. గరిజెలు ఎవలు చెయ్యమన్నరు నిన్ను?"

"దూరం పోయేటిదానికి తొవ్వల తినటానికి ఏం కట్టియ్యాలె మరి? వట్టి చేతులతోని ఓడ ఎక్కితె పక్కపొంటి ఆడోళ్ళు ఏమనుకుంటరు? పాపం, దీనికి తల్లి లేదేమో అనుకుంటరు."

"పోత అని చెప్పిన్నా నేను?"

"పోను అని చెప్పినవా? హాజిరా, నువ్వన్న చెప్పు. పోత అనది, పోను అనది. నేను గరిజెలు చెయ్యాల్నా, నెత్తి కొట్టుకోవాల్నా?"

"నన్ను నడుమకు గుంజకున్రి అత్తమ్మా. పిండైతె పిసికిన. గరిజెలు కాకుంటె రొట్టెలన్న అయితయి."

"చూసినవా భాభీ? అమ్మీకి నన్ను ఎల్లగొట్టుడే తొందర."

"ఎల్లగొడుతున్ననా? ఆ మాట అనటానికి నోరెట్లొచ్చిందే నీకు? నిన్ను ఉంచుకుంటె నా కొడుకును పట్టుకపోతరు. పెద్దోడు ఇమాముద్దీన్ ఆ దేశంల చిక్కవడె. కండ్ల ముంగట ఉన్నది ఖుద్దూస్ ఒక్కడే. వాన్ని కూడ జైల్ల కూసోబెట్టుమంటవా?"

"నేను ఏడనన్న దాక్కుంట. కొడంగల్‌ల మేనత్త ఇంట్ల ఉంట."

"మేనత్త! నువ్వు కరాచీకెల్లి వచ్చినవని విన్నకాడికెల్లి ఆమెకు ఒంట్ల బాగుంటలేదు. పండుగకు పోతె తలుపు సందుకెల్లి సలాం చేసి పంపింది నన్ను."

"అయితె చెరువుల పడుమంటవా?"

"గరిజెలు తినుమంటున్న! ముంగటర్రల కూసొని కొబ్బరి తురుముకొస్త. పొయ్యి చూస్కోన్రి ఇద్దరు. మంట ఆరనియ్యకున్రి."

"పోయింది భాభీ. ఇప్పుడు నువ్వు కూడ మొదలువెడ్తవు, నాకెరుక."

"నేనేం అన్న? ఒక్క మాట అడుగుదామని..."

"మంచిగనే ఉన్నడు. అన్న మంచిగనే ఉన్నడు. ఎన్నిసార్లు అడుగుతవు?"

"నువ్వు ఎప్పుడడిగినా గదే మాట చెప్తవు, గందుకే మల్ల అడుగుత. బక్కగైండా? వెంట్రుకలు తెల్లబడ్డయా?"

"జర తెల్లబడ్డయి."

"రేవుల పనికి నడిచి పోతడా, బస్సుల పోతడా?"

"గరిజె మాడుతది చూడు."

"మూకుట్ల ఇంకా ఏయనే లేదు జులేఖా."

"ఏయకముందే చెప్తున్న."

"నవ్వియ్యకు నన్ను. పెండ్లయి ఏడాది తిరగకముందే పోలీసు యాక్షన్ వచ్చె. పోలీసోళ్ళు ఆయన పేరు రాసుకున్నరని రాత్రికి రాత్రి ఆ దేశం పాయె. ఆనాటిసంది ఎన్ని కచేర్ల మెట్లు ఎక్కిన్నో, ఎన్ని దర్ఖాస్తులు ఇచ్చిన్నో. పారిపోయినోని పెండ్లానికి కాయితాలు ఇయ్యం అనిరి. ఎనిమిదేండ్లాయె. ఒక్కొక్కపారి ఆయన మొఖం యాదికి రాదు నాకు. నీ మొఖంల వెతుక్కుంట."

"నువ్వేమో పోవాలని ఏడుస్తవు, నేను పోవద్దని ఏడుస్త. అల్లా మన కాయితాలు ఒకరియి ఒకరికి ఇచ్చిండు."

"పోవద్దని ఎందుకు? ఆడ ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఎవలేమంటరు..."

"అలీమాబమ్మా! నేను, జంగప్పను! ఠాణాకెల్లి!"

"అయ్యో. వచ్చిండు. భాభీ, వచ్చిండు!"

"అరవకు. వారం వారం వచ్చేటోడే కదా. పర్దా వెనకకెల్లి ఉన్న అంటవు, పోతడు. మన మొఖాలు ఏనాడన్న చూసిండా?"

"ఇయ్యాల వాని వారం కాదు. మొన్ననే వచ్చి పాయె. ఇయ్యాల ఎందుకొచ్చిండు?"

"ఎందుకట్ల మొత్తుకుంటవు జంగప్పా? కొబ్బరి తురుముతుంటె చెయ్యి కోసుకున్న. కూసో అరుగు మీద. ఏంది?"

"ఏం లేదమ్మా అలీమాబమ్మా. మీ బిడ్డ గడువు అయిపోవచ్చె కదా. ఊరు విడిచి ఏడికన్న జారిందేమో చూసి రమ్మన్నరు. గొంతు వినిపిస్తె నా నౌకరి నేను చేస్కపోత. అమ్మా జులేఖాబీ! ఉన్నవా తల్లీ?"

"జులేఖా, చెప్పు. ఉన్న అను."

"గొంతు వస్తలేదు భాభీ."

"జులేఖాబీ?"

"నోరు తెరువు. ఒక్క మాట. ఉన్న అంటె అయిపాయె."

"వస్తలేదు... భాభీ, నాతోని కాదు."

"ఏంది, పలుకు లేదు? అలీమాబమ్మా, మీ బిడ్డ ఇంట్ల ఉన్నట్టా, లేనట్టా? నేను పర్దా తీసి లోపలికి రావాల్సొస్తది. బాగుండదు మల్ల. మీకు బాగుండదు, నాకు బాగుండదు."

"ఉన్న సాబ్. ఈడనే ఉన్న."

"ఆఁ! గట్ల చెప్పు తల్లీ. నా పాణం పోయినంత పనైంది. తండ్రి పేరు?"

"తాజ్ మొహమ్మద్."

"గొంతు జర బొంగురువోయింది ఏంది?"

"పొయ్యి కాడ ఉన్న సాబ్. పొగ."

"సరే. ఇనుకో తల్లీ. రేపు సాయంత్రం బొంబాయి బండికి ఎక్కాలె. స్టేషన్ల నేనే ఉంట, పేరు పిలుస్త. ఎల్లుండి దాటి ఈడ కనవడ్డవా, నా చేతుల ఏమీ ఉండదు. వికారాబాద్‌కెల్లి పెద్ద సాబు జీపేసుకొని వస్తడు. ముందుగాల ఇంట్ల ఉన్న మగోన్ని ఎక్కిస్తరు. ఖుద్దూస్ మంచి పోరడు. వాన్ని జీపు ఎక్కించుడు నాతోని చేయియ్యకున్రి."

"ఎక్కుత సాబ్."

"మంచిది. నూనె వాసన వస్తున్నది, ఏం చేస్తున్నరమ్మా?"

"గరిజెలు. కాలినంక నీకు రెండు పంపుత, పో జంగప్పా."

"రెండేనా? సరే, పోతున్న."

"పోయిండా భాభీ?"

"పోయిండు. గల్లీ మూల మలిగిండు. ఊపిరి తీస్కో ఇగ."

"నువ్వు... నా పేరు మీద..."

"పర్దా తీసేటోడు. ఏం చెయ్యాలె? నాకే ఎరుకలేదు ఆ మాట నా నోట్లకెల్లి ఎట్లొచ్చిందో."

"పొయ్యి మంట ఆరుతున్నది."

"ఊదు మరి."

"నన్నే అనుకున్నడు. తండ్రి పేరు కూడ రాస్కున్నడు."

"వానికేమెరుక? నీ పాస్పోర్టుల కూడ మొఖం లేదంటివి కదా."

"గోషా ఆడోళ్ళను ఫోటో అడగలె."

"ఓడ కాడ?"

"ఓడ కాడ పేరు పిలుస్తరు. పలికినామె ఎక్కుతది. బురఖా ఎత్తుమన్న ఎవలను చూసి పోల్చుకుంటరు?"

"జులేఖా, ఇప్పుడు చెప్పు. ఒక జవాను కేకేస్తె గొంతు ఎండిపోయేటిదానివి, జీపు వస్తదన్నా ఉంట అంటున్నవు. ఆడ జీపుకన్న పెద్ద భయం ఏమున్నది?"

"ఏమీ లేదు."

"నా కండ్ల దిక్కు చూసి చెప్పు."

"మా మరిది. నా మొగుడు సచ్చిపోయినంక ఇద్దత్ నాలుగు నెలలు కూడ నిండనియ్యలె. నన్ను నిఖా చేస్కో అన్నడు. చేస్కోనన్న. అప్పటిసంది తాగి వస్తడు, తలుపు తంతడు. ఒకపారి గొళ్ళెం ఊడిపాయె. పొయ్యిల కట్టె పట్టుకొని నిలవడ్డ తెల్లారిందాక."

"నువ్వు ఉండేది మీ అన్న ఇంట్లనే కదా?"

"ఆఁ."

"మరి ఆయన? చెల్లె తలుపు తంతుంటె చూస్కుంట కూసుంటడా?"

"కూసోడు."

"ఏం చేస్తడు?"

"పండుకొని ఉంటడు."

"పండుకునుడేంది? జులేఖా, పండుకునుడేంది?"

"నన్ను అడగకు భాభీ. ఒట్టు వేయించుకున్నడు."

"నేను అడుగుత. నాకు తప్ప ఇంకెవలకున్నది అడిగే హక్కు?"

"మెల్లగ. అమ్మీ వింటది. లేవలేడు భాభీ. ఓడకెల్లి మూటలు దించుతుంటె నడుం మీద పడ్డది. రెండేండ్లాయె. కాళ్ళున్నయి గని లేవు. పొద్దుగాల నేనే కడుగుత, నేనే తినిపిస్త. ఎన్కకెల్లి కుట్టుపనికి పోత."

"రెండేండ్లు."

"అమ్మీకి తెలిస్తె పాణం ఇడుస్తదని..."

"ఇప్పుడు ఎవలు చూస్తున్నరు?"

"పక్కింటి ముసలామె. ఔరంగాబాద్‌ది. మూడు నెలలకు ఒప్పుకున్నది. అంతకన్న ఎక్కువ నాతోని కాదు బిడ్డా, తొందరగ రా అన్నది. పోతె మరిది ఇడువడు, పోకుంటె అన్న సస్తడు. గరిజెలు వద్దంటె వద్దంటున్ననని అమ్మీ కోపానికొస్తది. ఏం చెప్పాలె నేను?"

"రోజు అడిగిన నిన్ను నేను. పిచ్చిదాని లెక్క. వెంట్రుకలు తెల్లబడ్డయా, బస్సుల పోతడా..."

"తిట్టు భాభీ. ఇంకొకటి కూడ ఉన్నది. నీకొక మాట చెప్పి పంపిండు. చెప్పలేక దాసిన."

"ఏమని?"

"నిన్ను ఇడిసిపెడ్తడట. ఇంకొకర్ని చేస్కొమ్మన్నడు. నీ వయసు ఉత్తగ పోతున్నదట. నువ్వు ఊఁ అంటె ఆడ ఖాజీని పిలిపిస్త అన్నడు."

"ఈ మాట ఎవలకన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. నీ మామ పేరేంది?"

"ఏమన్నవు?"

"నీ మొగుని నాయిన పేరు. ఇంట్ల మాటల ఎన్నడు రాలె."

"ఎందుకు భాభీ?"

"చెప్పు ముందు. ఓడ దిగినంక ఎటు మలుగాలె? మీ గల్లీకి తొవ్వ ఎట్ల? ముసలామె పేరేంది? ఒక్కొక్కటి చెప్పు, మెల్లగ చెప్పు. నాకు ఇయ్యాల ఏదీ సక్కగ తలకెక్కుతలేదు."

పొద్దు గూకినాక కింద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచారు. బండల గనిలో పని ముగించుకొని చిన్నకొడుకు ఖుద్దూస్ వచ్చాడు. నలుగురూ అన్నానికి కూర్చున్నారు.

"జంగప్ప గని కాడికి కూడ వచ్చిండమ్మీ. మేస్త్రీ ముంగట అడిగిండు, మీ అక్క ఎప్పుడు పోతున్నదని. పనోళ్ళందరు సుత్తెలు ఆపి నన్నే చూసిరి."

"నువ్వేమన్నవురా?"

"ఏమంట? ఆపా, నిన్ను పొమ్మనటానికి నాకు నోరు రాదు. ఉండుమనటానికి ధైర్యం లేదు. నువ్వే చెప్పు. ఏది చెప్పినా సరే."

"నేను... ఖుద్దూస్, నేను..."

"జులేఖా పోదు."

"ఏందే హాజిరా, దాని నోరు నువ్వైతివి? పొద్దున జంగప్ప ముంగట అయినవు, సరే, మా పాణాలు కాపాడినవు. ఇప్పుడు కూడనా?"

"ఉంటె జీపు వస్తది భాభీ."

"రాదు ఖుద్దూస్. రేపు బొంబాయి బండికి జులేఖాబీ పోతది. జంగప్ప పేరు పిలుస్తడు. బురఖాలకెల్లి పొద్దున విన్న గొంతే పలుకుతది. రాస్కొని పోతడు."

"పొద్దున పలికింది నువ్వని అమ్మీ అంటున్నది కదా భాభీ?"

"నేనే."

"భాభీ!"

"కూసో. కూర ఏస్కో, సల్లారుతది. బొంబాయి దాక నువ్వు వస్తవు నా ఎంట. ఓడ కాడికెల్లి నేనొక్కదాన్నే. మనం తిరిగొచ్చేదాక... కాదు, నువ్వు తిరిగొచ్చేదాక జులేఖా అర్రలకెల్లి బయటికి రాదు. గల్లీల అందరు ఆమెనే పోయిందనుకుంటరు. నెల దాటకముందే వికారాబాద్‌ల ఇల్లు చూడు. ఆడ మనల్ని ఎరిగినోళ్ళు లేరు. ఆడ ఈమెను హాజిరా అని పిలువున్రి. మర్చిపోయి ఆపా అనకు నలుగురిల."

"పట్టుకుంటెనో?"

"నన్నే పట్టుకుంటరు."

"భాభీ, నువ్వు బొంబాయి బండి ఆగే వాడి జంక్షనన్న చూసినదానివి కాదు. సముద్రం అంటె..."

"తెలుసు ఖుద్దూస్. భయపెట్టకు."

"ఆపా పేరు మీద పోయినంక నీ పేరు మీద ఎట్లొస్తవు? మల్ల రాలేవు భాభీ."

"ఎరుక."

"ఎరుకట! ఎంత నిమ్మళంగ చెప్తున్నదో చూడు. ఎనిమిదేండ్లు నా పక్కల పండుకున్నది. నాకు జొరమొస్తె ఇది లేచింది, దీనికొస్తె నేను లేచిన. ఇయ్యాల ఒక్క పూటల ఎట్ల తెగిందే నీకు? నా బిడ్డ వచ్చి మూడు నెలలు కాలె, నీ మొగుడు మంచిగున్నడు, సంపాయిస్తున్నడు అని దాని నోట విన్నవు, ఇగ ఈ ముసల్ది ఎందుకు నీకు? సుఖం ఏడ ఉంటె ఆడికి పోతున్నవు."

"అమ్మీ, గట్ల అనకు! నీకు ఎరుకలేదు, అన్నకు..."

"జులేఖా! నోరు మూయి. అవునత్తమ్మా. మీ కొడుకు మంచిగున్నడు. నా సుఖం చూస్కొనే పోతున్న."