సముద్రం మీద చల్లారిన ల్యాప్‌టాప్

గిలకలదిండి రేవు దగ్గర కృపావరం టీ కొట్టులో ఏళ్ల తరబడి నోరు తెరిచేది యలమంద ఒక్కడే. మిగతావాళ్లవి చెవులు. సముద్రం మీద ఒళ్లు హూనం చేసుకుని ఒడ్డుకొచ్చినవాడికి ఒక గ్లాసు టీ, ఒక మంచి అబద్ధం కావాలి. టీ కృపావరం పోసేవాడు, రెండోది యలమంద పోసేవాడు. ఏనాడూ ఎవరినీ పస్తు పెట్టలేదు.

అలాంటి మనిషిని దసరా సెలవులు దెబ్బ తీశాయి. కృపావరం కూతురు జెస్సీ ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది. ఆ రేవులో అది ఇంకా వింత వస్తువే. అందరూ ఆ పిల్ల చుట్టూ మూగి, తెర మీద బొమ్మల క్రికెట్టు చూస్తూ "కొట్టమ్మా సిక్సరు!" అని కేకలు. ప్రాణమున్న మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, ప్రాణం లేని బొమ్మల వైపు చూడటం ఏం మర్యాద? యలమందకి కడుపు మండిపోయింది. మాట తప్ప వేరే ఆస్తి లేనివాడు. వినేవాళ్లు పోతే ఇక అతనికి మిగిలేదేముంది?

ఆ వేళ ఆఖరి ఓవరు. ఒక్క ఫోరు కొడితే గెలుపు. ల్యాప్‌టాప్ బుసలు కొట్టి టప్పున ఆరిపోయింది.

"ఆట పెడితే చాలు నాన్నా, ఇలాగే కాలిపోతుంది. చల్లారేదాకా ఆగాలి," అంది జెస్సీ ఏడుపు మొహంతో.

యలమంద లేచాడు. ఇంతకంటే మంచి తరుణం మళ్లీ రాదు.

"తువాలు మడత మీద పెడితే వేడెక్కక ఏం చేస్తుందే అమ్మాయ్? దానికి ముక్కు కిందుంటుంది. ముక్కు మూస్తే మనిషైనా పోతాడు. తియ్ ఆ తువాలు. రెండు అగ్గిపెట్టెలు ఇటివ్వు కృపావరం బావా, వెనక ఎత్తు పెడదాం."

పెట్టాడు. కింద గాలి ఆడింది. జెస్సీ ఆశ్చర్యంగా చూసింది.

"నీకెలా తెలుసు మావయ్యా?"

"ఎలా తెలుసా! నాగాయలంకలో మా మేనల్లుడు కళ్యాణ్ లేడూ? వాడి ల్యాప్‌టాప్‌ని బతికించింది ఎవరనుకున్నావు? ఈ మే నెలలోనే. రోళ్లు పగిలే ఎండ. వాడు మంచం మీద బొంత పరిచి, దాని మీద పెట్టి కార్ల రేసు ఆడుతున్నాడు. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తున్నానో లేదో, మాడు వాసన! గబుక్కున తీసి రెండు ఇటుకల మీద పెట్టి, కోడి ఈకతో దుమ్ము దులిపాను. చల్లబడింది."

"అంతేనా?" అన్నాడు ఐసు లారీ డ్రైవరు కొండలరావు, ల్యాప్‌టాప్ వైపు తిరుగుతూ.

నిజం చెబితే జనం ఇచ్చే విలువ అది! యలమంద గొంతు పెంచాడు.

"అంతే అయితే నేనెందుకు చెప్తాను? ఆ తర్వాత ఏమైందో తెలుసా? చల్లబడింది కదా అని వాడు కారు ఇంకా తోలాడు. ఇటుకలు ఎర్రబడ్డాయి. ఒకసారి బట్టీలో కాలిన ఇటుక రెండోసారి కాలడం ఎక్కడైనా చూశారా? మా చెల్లెలు ఆ సెగ మీద పెనం పెట్టి వీధి మొత్తానికి అట్లు పోసింది. ఇక లాభం లేదని వాణ్ణీ దాన్నీ పడవెక్కించి సముద్రంలోకి తీసుకెళ్లాను. పాలిథిన్ సంచిలో పెట్టి నీళ్లలోకి దించాను."

"మరి ఆట?"

"ఆపితే కదా! సంచిలో చేతులు దూర్చి ఆడుతూనే ఉన్నాడు వెధవ. చుట్టూ నీళ్లు కుతకుతా ఉడికాయి. పండుగప్ప చేపలు ఉడికి పైకి తేలాయి. ఉప్పు సముద్రంలోనే ఉంది, కారం ఒక్కటి మేం చల్లుకున్నాం."

కొట్టంతా గొల్లుమంది. కొండలరావు స్టూలు ఇటు జరుపుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాని లోపల అరచేతి అంత ఫ్యాన్ ఉంటుంది. వేడికి దానికి రోషమొచ్చింది. తిరిగింది చూడూ! పడవ ఇంజను ఆపేశాను. ఇంకెందుకు? ఆ ఫ్యానే పడవని తోసుకుపోయింది. బీడీ వెలిగించి ఒక్క దమ్ము లాగేసరికి బందరు లైట్‌హౌసు దాటిపోయాం. ఆ గాలికి దివిసీమలో కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపు వంగి దణ్ణం పెట్టాయి. మే నెలలో అవనిగడ్డ జనం వణికిపోయారు. చల్లపల్లి కొట్లలో దుప్పట్లు అయిపోతే గుడివాడ నుంచి లారీలో తెప్పించారు. రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు!"

"బాబాయ్, అది అల్పపీడనం కాదూ?" అన్నాడు వెనక నుంచి ఒక కుర్రాడు.

"అల్పపీడనమా? మా కళ్యాణ్ రా అది! మూడో గేరులో ఉన్నాడు!"

ఈలోగా ల్యాప్‌టాప్ నిజంగానే చల్లారింది. జెస్సీ ఆన్ చేసి ఆట పెట్టింది. ట్రింగున పాట మోగింది. ఒక్క తల కూడా తిరగలేదు.

"ఆ గోల ఆపమ్మా, కాస్త విననీ," అంది చేపల గంప దించుకుని నిలబడిన వీరదుర్గ.

యలమంద ఛాతీ జానెడు పెరిగింది. ఇన్నాళ్ల అవమానం ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయింది. కానీ వీరదుర్గ ఊరుకునే మనిషి కాదు.

"అన్నా, మే నెలన్నావు కదూ?"

"మే నెలే. ఎండలు లేనిదే అంత వేడి ఎక్కడిది?"

"మే నెలంతా సర్కారోళ్లు చేపల వేట నిషేధించారు కదా! పడవలన్నీ ఒడ్డుకి లాగే ఉన్నాయి. నూకలు కాచుకుని తాగిన రోజులు, మరిచిపోతామా? నువ్వు మా వాకిట్లో వల బాగుచేస్తూ మా ఆయన బుర్ర తింటూ కూర్చున్నావు. మరి సముద్రంలోకి వెళ్లిందెవరు? నీ నోరొక్కటే వెళ్లొచ్చిందా?"

అక్కడున్న ప్రతివాడూ ఆ నెల ఒడ్డున కూర్చుని ఈగలు తోలుకున్నవాడే. ఎలా మరిచారో వాళ్లకే తెలీలేదు. తర్వాత పుట్టిన నవ్వుకి కొట్టు మీది కాకులు లేచిపోయాయి. కృపావరం నవ్వలేక టీ గిన్నె కింద పెట్టేశాడు. కొండలరావు కళ్లు తుడుచుకుంటూ స్టూలు మళ్లీ ల్యాప్‌టాప్ వైపు జరపబోయాడు.

యలమంద ఆ స్టూలునే చూశాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. రెప్ప కూడా కొట్టలేదు.

"పిచ్చి మొహమా, అసలు ఆ నిషేధం ఎందుకు పెట్టారనుకున్నావు? నేను వెళ్తున్నాననే!"

వీరదుర్గ నవ్వుతూ గంప పక్కనే చతికిలబడింది. స్టూలు ఉన్నచోటే ఆగిపోయింది.

తెర మీద బౌలరు బంతి పట్టుకుని నిలబడే ఉన్నాడు. జెస్సీ కూడా అటు చూడలేదు.