లైట్‌హౌస్ వీడియో తీసెయ్యను

తీసెయ్యమనగానే తీసెయ్యడానికి అదేమన్నా గోడ మీద పోస్టరా అబ్బాయ్? వీడియో అది. నేను తీసిన వీడియో. మీ అక్క చెప్పి పంపిందీ, నువ్వు మోసుకొచ్చావూ. ‘లైట్‌హౌస్ వీడియో తీసేస్తే వస్తాను, లేదంటే నా బట్టలూ మందులూ తమ్ముడికిచ్చి పంపండి’ అని. అంతేగా? సరే. బీరువా అదిగో. సర్దుకో.

సర్దుకుంటూనే విను. పెళ్ళాం తమ్ముడివి, నీకు కాక ఇంకెవరికి చెప్పను? నా మొదటి వీడియోకి నువ్వు లైకు కొట్టలేదు. అది నాకు గుర్తుంది. అయినా చెబుతున్నాను.

బస్సు నడిపినన్నాళ్ళూ ఎన్ని ఊళ్ళు దాటించాను? ఒక్క ఊళ్ళో దిగి చూశానా? డిపో, బస్టాండూ, దాని వెనక మరుగుదొడ్డీ, అదే నేను చూసిన లోకం. రిటైరయ్యాక మీ అక్కే అంది, ‘ఇప్పుడన్నా దిగి చూద్దామండీ’ అని. ఫోన్లో తీసి నలుగురికీ చూపిద్దాం అన్నదీ తనే. ఇప్పుడు ఆ మాట చెబితే ఎవడు నమ్ముతాడు?

నేనేది చేసినా పద్ధతిగా చేస్తాను, నీకు తెలుసు. స్టాపంటే స్టాపులోనే ఆపినవాణ్ణి, జానెడు అటూ ఇటూ లేదు. వీడియో కూడా అంతే. మనిషి నడిచొస్తుంటే మొహం మీద వెలుతురు పడాలి, మధ్యలో ఎవడూ అడ్డం రాకూడదు. కుదరకపోతే మళ్ళీ. ‘మళ్ళీనా’ అనేది మీ అక్క. అనేదే గానీ, వెనక్కెళ్ళి మళ్ళీ నడిచొచ్చేది. రానని ఎప్పుడైనా అందా? అడుగు దాన్ని.

ఇక చూసేవాళ్ళ రాతలు. నా చదువు సంగతి నీకు తెలిసిందే. బస్సు బోర్డులు చదువుతాను, అవీ బొమ్మగుర్తు. ఫోన్లో ఆ చీమతలకాయల్లాంటి అక్షరాలు నా వల్ల కాదు. సాయంత్రం టీ తాగుతూ మీ అక్కే చదివేది. ‘బాగుందంట. చాలా బాగుందంట. ఇంకా పెట్టమంటున్నారు.’ తిట్లేం లేవా అంటే లేవనేది. కళ్ళేమో గబగబా కిందికి దిగిపోయేవి, నోరు మాత్రం ఒక్క ముక్క చెప్పి ఊరుకునేది. అద్దంలో వెనక జనాన్ని కనిపెట్టుకుని బతికినవాణ్ణి, నాకు తెలియదా? పోనీలే అనుకున్నాను. టికెట్టు లేని ప్యాసింజర్లు వాళ్ళంతా. ఎక్కేది ఊరికే, గోల మాత్రం బస్సు కొనుక్కున్నట్టు.

‘పలకరించినవాళ్ళకి మారు పలక్కపోతే ఏం మర్యాదండీ, ఆ ఎర్రగుండె నొక్కండి’ అని నేర్పింది కూడా మీ అక్కే. పొద్దున్నే కూర్చుని వరసపెట్టి నొక్కుకుంటూ పోయేవాణ్ణి. పొగిడినవాడికీ గుండే, బూతులు తిట్టినవాడికీ గుండే. ఎవడేమన్నాడో నాకేం తెలుసు?

లైట్‌హౌస్ సంగతికొస్తున్నా. లోపల మెట్లు చుట్లు చుట్లుగా ఉంటాయి, మనిషి ఎదురొస్తే గోడకి అంటుకుపోవాలి. నేను ముందెక్కి పైన నిలబడ్డాను. చీకట్లోంచి మీ అక్క పైకి రావాలి, గుమ్మంలో ఆగాలి, ఎదురుగా సముద్రం చూడాలి. వచ్చింది. చూపంతా కాళ్ళ మీదే. ‘ఒక చుట్టు దిగి మళ్ళీ రా’ అన్నాను. ఈసారి ఎవడో టోపీవాడు అడ్డమొచ్చి చచ్చాడు. మళ్ళీ దిగమన్నాను. దిగి, మోకాళ్ళు పట్టుకుని మెట్టు మీద కూలబడింది. ‘నాటకాలాపి పైకి రా’ అన్నాను.

అది తిట్టా? చెప్పు, మీ ఇంట్లో ఆ మాట తిట్టా? మొగుడూ పెళ్ళాల మధ్య ఆమాత్రం ఉండదా? వీడియో కోసి అతికించేది సెల్ షాపు వాడు. ఆ మాట ఉంచరా, జనం నవ్వుకుంటారు అన్నాను.

నవ్వలేదు. ఎవరో అమ్మాయి రాసిందట, ‘ఆ పెద్దావిడ నొప్పితో ఎక్కుతుంటే ఈయన కేకలేస్తున్నాడు, ఆవిడకి జీవితమంతా ఇంతేనేమో’ అని. ఆ పిల్ల నాకు చుట్టమా పక్కమా? అదంతా తర్వాత తెలిసింది. ఆ పొద్దున నా కంట పడింది దాని కిందున్న జవాబు. పక్కన పసుపు పువ్వు బొమ్మ. ఆ బొమ్మ నాకు తెలుసు, మీ అక్క తన ఫోన్లో పెట్టుకున్నది. నేను తీసిందే. ఎవడో ఏదో కూసుంటాడు, ఆహా, మనావిడ నా తరఫున దులిపేసిందిరా అనుకున్నాను. అన్నిటికంటే ముందు దానికే నొక్కాను గుండె.

మర్నాడు సెల్ షాపు వాడు పళ్ళికిలించాడు. ‘తాతగారూ, మీరే గుండె నొక్కి ఒప్పేసుకున్నాక ఇంకేముందండీ’ అని, ఆ జవాబు పైకి చదివాడు, షాపులో ఉన్నవాళ్ళంతా వినేటట్టు. ‘అవును తల్లీ, ఇంతే.’ అదీ మీ అక్క రాసింది.

ఇంటికొచ్చి అడిగాను. కేకలెయ్యలేదు, నీ మీద ఒట్టు. ఎందుకు రాశావని మాత్రం అడిగాను. దుప్పటి మడత పెడుతోంది. తలెత్తకుండానే, ‘మీరు చదవలేరు కదాని రాశాను’ అంది.

ఏం చెప్పమంటావ్ దానికి? తిడితే తిరిగి తిడతాను. ఏడిస్తే విసుక్కుంటాను. ముక్కూమొహం తెలియని పిల్లకి చెప్పుకుని, పక్కన కూర్చుని టీ తాగేవాడికి చెప్పకపోతే ఏం చెయ్యాలో నాకెవడూ నేర్పలేదు. మాట్లాడ్డం మానేశాను. నేను అలిగితే తనే వచ్చి పలకరించాలి, ఈ ఇంటి పద్ధతి అది. ఈసారి పలకరించలేదు. సంచి పట్టుకుని మీ ఇంటికెళ్ళిపోయింది.

ఆ నీలం డబ్బా మర్చిపోకు. మోకాళ్ళ మాత్రలు, పొద్దున తిన్నాక వేసుకునేవి. ఏమిటలా చూస్తావ్? దానికి నొప్పులని నాకు తెలియదన్నానా?

ఒక్క నొక్కుతో పోయేదానికి ఇంత పంతమెందుకు బావా అంటావు. జనానికి జడిసి తీసేశాడంటారనా? అదీ ఉంది, ఎందుకు లేదు. పోయి వాళ్ళ కాళ్ళు పట్టుకోమంటావా? కానీ అదొక్కటే కాదు. ఇలా రా. ఆ చీరలు అక్కడ పడెయ్, రా. ఈ ఫోన్లో వీడియో చివర చూడు. గుమ్మంలోకొచ్చింది. గాలికి జుట్టు రేగింది. అదిగో, చూశావా? నవ్వింది. పళ్ళు కనపడేటట్టు నవ్వింది. మా పెళ్ళి ఫొటోలో కూడా అలా నవ్వలేదు. ఇంతమంది చూశారే, ఇన్ని రాశారే, ఈ నవ్వు గురించి ఒక్కడు రాశాడా?

ఏమిటి, బొమ్మ ఎగిరిందా? ఆ, అతుకే. నీ కళ్ళు మంచివే. అక్కడ నా గొంతుండేది. ‘ఇప్పుడు నవ్వాలి, నవ్వు’ అని. ఆ ముక్క కోసెయ్యమన్నాను వాడితో.

ఇక సర్దుకో. తీసెయ్యడంట అని చెప్పు మీ అక్కకి. వస్తే రమ్మను, రాకపోతే మానెయ్యమను. వచ్చినా ఏం చేస్తాను, మళ్ళీ ఏ మెట్ల దగ్గరో నిలబెట్టి మళ్ళీ రా అంటాను. నాకు వేరే మాట రాదు. ఇది తీసేస్తే మీ అక్క నవ్వు ఇంకెక్కడుందయ్యా ఈ ఇంట్లో? చెబితే నవ్విందే. అయితే ఏం?