గుప్పిట్ల బెల్లం

కాలు గుంజకు అత్తమ్మా. తొడకు గుచ్చమని డాక్టరమ్మనే చెప్పింది, నీ పొట్ట మీద ఇంక జాగ లేదు. తొమ్మిదేండ్లసంది ఆడనే గుచ్చిన, గడ్డలు కట్టినయి. దానికి గూడ నన్నే అన్నవు గద.

"స్వర్ణ చెయ్యి బరువు." ఎంత మందికి చెప్పినవు? పాలాయనకు చెప్పినవు. దిల్‌సుఖ్‌నగర్‌ల మందుల షాపాయనకు చెప్పినవు, నేను పక్కన నిలబడి నీకే ఇన్సులిన్ కొంటుంటే. నా యారాలు సింధు ఎల్బీనగర్ అపార్ట్‌మెంట్‌లకెల్లి నెలకోసారి చుట్టపు చూపుకు ఒస్తది. తొమ్మిదేండ్లల్ల రెండంటే రెండు సార్లు సూది ఏసింది. "చిన్న కోడలి చెయ్యి పువ్వు" అన్నవు. నేను వంటింట్ల ఉన్న, ఇన్న.

జర ఆగు. ఇన్సులిన్ పెన్ను ఇప్పుడే ఫ్రిజ్జులకెల్లి తీసిన, సల్లగుంటే మంటయితది. అరచేతులల్ల పెట్టి రుద్దుతున్న. ఇసొంటివి నీకు తెల్వవు. నీకు తెల్వకుంటనే దినాం రుద్దిన.

ఇప్పుడు చెప్పు, చెయ్యి బరువని. చెప్పవు. బోనాలకాడ పోయిన మాట, నాలుగు నెలలాయె, మల్ల రాలే.

ఆ శనివారం నీకు యాదికున్నదో లేదో. తెల్లారితే బోనం, నువ్వు ఒక్కపొద్దు. తినకుండ రాత్రి సూది ఏస్కుంటే తెల్లారేసరికి షుగర్ పడిపోతదని డాక్టరమ్మ ఎన్నడో చెప్పింది. నేను గూడ అన్న, ఇంత పెరుగన్నం తిను, తల్లి ఏమనుకోదు అని. నా దిక్కు పురుగును చూసినట్టు చూసి ప్లేటు పట్టుకొని అర్రలకు పోయినవు. తిన్నవా అంటే తిన్న అన్నవు. నేను నమ్మి ఇరవై రెండు యూనిట్లు ఏసిన. మల్ల పొద్దెక్కినంక చూస్తే అన్నం కిటికీ బయట ఉన్నది, పావురాలు తింటున్నయి.

అబద్ధం నీదే. ముందు అది ఒప్పుకో, నాది తర్వాత చెప్త.

తెల్లారుగట్ల ఐదింటికి నేను బోనం కుండకు పసుపు రాస్తున్న. సింధు పక్కన కూసొని బెల్లం కొడుతున్నది. నువ్వు అర్రలకెల్లి ఒచ్చినవు. తలకాయ ఊగుతున్నది, ఒళ్ళంత చెమట, జుట్టు ఇడిపోయింది, ఏందేందో అంటున్నవు. సింధు చేతిలున్న రాయి కింద పెట్టి "తల్లి ఒంటి మీదికొచ్చింది" అన్నది. ఇంకేముంది. నీ కొడుకు బాత్రూంలకెల్లి తడిబట్టల మీదనే ఉరికొచ్చి నీ కాళ్ళ మీద పడ్డడు. వేపమండలు పట్టుకొచ్చిన్రు, సాంబ్రాణి పొగేసిన్రు. పక్కింటి సంతోషి అయితే ఆగలేకపోయింది. దాని కొడుకు దిల్‌సుఖ్‌నగర్‌ల కోచింగ్ తీసుకోబట్టి నాలుగేండ్లాయె, ఎప్పుడు పాసయితడో చెప్పు తల్లీ అనడిగింది. వాడు పాసుగాడని చెప్పనీకి తల్లి రావాల్నా?

నాకు తెల్వదా అత్తమ్మా? షుగర్ పడ్డప్పుడల్ల నేను తుడిచిన చెమటనే అది. నీ చెయ్యి ఐసు లెక్క ఉండె. పసుపు రాస్తున్నట్టు చేసి వేలు గుచ్చి షుగర్ చూసిన. ముప్పై ఎనిమిది, డెబ్బై కింద పడొద్దు. మిషిను బొడ్లె దోపుకున్న.

బెల్లం ఆడనే ఉన్నది. కొట్టిన బెల్లం, పళ్ళెంల, జానెడు దూరంల. ఇంత తీసి గుప్పిట్ల పట్టుకున్న. నీ బుగ్గన పెడితే అయిపోతుండె. పెట్టేటందుకే తీసిన, ఆ కుండ మీద ఒట్టు.

అప్పుడే నీ కొడుకు అడిగిండు, "తల్లీ, మా ఇంట్ల ఏం తప్పయింది" అని. నువ్వు నా దిక్కు తిరిగినవు. నాలుక మడతపడుతున్నది, అయినా సాఫుగనే ఇనబడ్డది. "స్వర్ణ నా బిడ్డ. దానిది సల్లని చెయ్యి. దాన్ని ఏడిపించిన."

అందరు నన్నే చూసిన్రు. సింధు మొఖం మాడిపోయింది. నీ కొడుకు, పెండ్లయినకాడికెల్లి నా మొఖం సక్కగ చూడనోడు, అప్పుడు చూసిండు.

నాకేమైందో నాకే తెల్వదు. కాదు, తెల్సు. ఇంకోసారి అనిపియ్యాలనిపించింది. బెల్లం పెడితే నువ్వు మల్ల నువ్వయితవు. నువ్వయితే మల్ల చెయ్యి బరువే.

నీ ముందట మోకాళ్ళ మీద కూసున్న. "ఎవరు తల్లీ నీ బిడ్డ, ఇంకోపారి చెప్పు" అన్న. చెప్పినవు. మల్ల అడిగిన. సగమే చెప్పినవు. మూడోపారి అడిగేసరికి కండ్లు తేలేసినవు, ఫిట్సు ఒచ్చినయి.

దవాఖాన్ల డాక్టరమ్మ ఎంతసేపయిందని అడిగింది. ఇప్పుడే మేడం అన్న. బెల్లం ఇంక గుప్పిట్లనే ఉన్నది, కరిగి వేళ్ళ సందులకెల్లి కారుతున్నది. కొంగుకు తుడుసుకున్న.

మెదడుకు షుగర్ అందలేదని ఆమె ఇడమర్చి చెప్పింది. మనింట్ల ఎవరిన్నరు? తల్లి పలికిందంటరు. సరూర్‌నగర్ అంత అదే ముచ్చట. ఇంకమీద ఏటేటా బోనం నా నెత్తికేనట. సింధు ఒచ్చి నా కాళ్ళు మొక్కుతది. నేను కాళ్ళు ఎనకకు తియ్య.

ఇయ్యాల పదే యూనిట్లు. రాత్రి జర ఎక్కువున్నా ఫికర్ లేదు, పడొద్దు అన్నది డాక్టరమ్మ. పడనియ్య. నా చేత్తోనే గంజి తాపిన, ఈసారి కిటికీలకెల్లి పారబోసేటందుకు నీకు చెయ్యి లేవదు. మూడింటికి లేచి మల్ల చూస్త. నిన్ను మంచిగ బతికిస్త అత్తమ్మా, చానా రోజులు బతికిస్త. నువ్వు అన్న ఆ ఒక్క మాటను మల్ల నువ్వే కాదనే వీలు లేకుంట బతికిస్త.

ఏంది, కండ్లు గట్టిగ మూసుకున్నవు? నొప్పయితదనా? తెరువు. సూది ఎప్పుడో అయిపోయింది. నీకు తెల్వనే లేదు.